పళ్లు చూసి పందెం: పోటీలో సమానత్వాన్ని ఎలా కొలుస్తారు?

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు తిరునాళ్లకు వెళ్లేవాళ్లకు బండలాగుడు పోటీలు కొత్త కాదు. ఒంగోలు గిత్తల జతను కాడికి కట్టి బండ లాగిస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. పోటీల కరపత్రంలో బహుమతుల పక్కనే విభాగాలు ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. జతను బండకు కట్టకముందే కమిటీలో అనుభవమున్న పెద్దాయన ఒకరు గిత్త దగ్గరికి వస్తారు. ముక్కుతాడు బిగించి పట్టుకుని, బొటనవేలితో కింది పెదవిని వంచి, ముందు పళ్లు చూస్తారు. నాలుగు పళ్ల విభాగంలో ఆరు పళ్ల గిత్తను దించారని తేలితే ఆ జత ఇంటిదారి పట్టాల్సిందే.

గిత్త వయసు యజమానికి తెలుసు. అయినా కమిటీ అతని మాట మీద ఆధారపడదు. బరువు తూచవచ్చు, ఎత్తు కొలవవచ్చు, ఆ పనీ చేయదు. పళ్లే ఎందుకు?

ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుని వెళితే ఒలింపిక్స్ దాకా వెళ్లవచ్చు. ఎవరు ఎవరితో పోటీ పడాలి, ఏ ఆధిక్యం న్యాయం, ఏది అన్యాయం అని ప్రపంచ అథ్లెటిక్స్ దశాబ్దాలుగా కొట్టుమిట్టాడుతున్న చిక్కంతా ఈ పెదవి వంచి చూడటంలోనే ఉంది.

తేడా, గుర్తు, గీత

పోటీ అంటేనే తేడాలను బయటపెట్టడం. ఎవరు వేగం, ఎవరు బలం, ఎవరికి ఓర్పు ఎక్కువ అని తేల్చడానికే పందెం పెడతాం. అందరూ అన్నిటా సమానమైతే పందెమే ఉండదు. కానీ కొన్ని తేడాలను మాత్రం ముందే పక్కకు తీసేస్తాం. దూడ, ముదురు గిత్త ఒకే బండ లాగితే ఫలితం అందరికీ తెలిసిందే, చూడటానికి ఏమీ మిగలదు. కాబట్టి వయసు అనే తేడాను విభాగాలతో తీసేసి, జాతి, మేపు, శిక్షణ, జత కుదురు అనే తేడాలను ఉంచుతాం.

పక్కకు తీయాలనుకున్న తేడా ఒక్కోసారి కంటికి కనిపించదు. దానికి ఒక గుర్తు వెతుక్కోవాలి. గిత్తకు పన్ను, పిల్లవాడికి మణికట్టు ఎముక, పరుగుకు గాలి మీటరు, రక్తంలో హార్మోను. గుర్తు దొరికాక దాని మీద ఎక్కడో ఒకచోట గీత గీయాలి. గీతకు ఇవతలివాళ్లు అర్హులు, అవతలివాళ్లు కారు.

గొడవలన్నీ ఎక్కడ పుడతాయంటే, గుర్తుకూ అసలు తేడాకూ మధ్య ఉన్న ఎడంలో. ఆ ఎడం ఎంతో ముందే నిరూపించాల్సిన భారం గీత గీసేవాళ్లదే అని నా నమ్మకం. గీతకు అవతల పడ్డ మనిషిది కాదు.

▣ బాక్స్: గిత్త నోట్లో ఏముంది?

పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పై దవడ ముందు భాగంలో పళ్లకు బదులు గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. దూడగా ఉన్నప్పుడు ఆ ఎనిమిదీ చిన్నవైన పాలపళ్లు. సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు మధ్య జత ఊడి, పారలా వెడల్పైన శాశ్వత పళ్లు వస్తాయి. రైతులు ‘రెండు పళ్లేసింది’ అనేది అప్పుడే. మూడేళ్ల ప్రాంతంలో రెండో జత, మూడున్నర నుంచి నాలుగేళ్లకు మూడో జత, ఐదేళ్లు వచ్చేసరికి నాలుగో జత. మేత, జాతిని బట్టి కొన్ని నెలలు అటూఇటూ కావచ్చు. కాబట్టి పన్ను చెప్పేది పుట్టిన తేదీ కాదు, శరీరం ఎంత ముదిరిందన్నది.

పిల్లల మణికట్టులో క్యాలెండరు

ఇదే చిక్కు పిల్లల ఆటల్లో మరింత పెద్దది. మన దేశంలో జిల్లాల పిల్లలు జాతీయ స్థాయిలో కనిపించే తొలి వేదిక జాతీయ అంతర్ జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ మీట్, అందరూ నిడ్‌జామ్ అనేది దాన్నే. అక్కడ అండర్-14, అండర్-16 విభాగాలు ఉంటాయి. పదహారేళ్ల కుర్రాడు పద్నాలుగేళ్లని రాయించుకుని దిగితే పతకం ఖాయం. పతకం వస్తే హాస్టల్ సీటు, సర్టిఫికెట్, తరవాత ఉద్యోగం. వయసు తగ్గించి రాయించడం భారత జూనియర్ క్రీడల్లో పాతుకుపోయిన జబ్బు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు జూన్‌లోనో జూలైలోనో ఏదో ఒక తేదీ వేసేయడం మన ఊళ్లలో నిన్నమొన్నటి దాకా మామూలే. మోసం చేయాలన్న ఆలోచనే లేకుండా వయసు తప్పుగా ఉన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. కాగితాన్ని నమ్మలేనప్పుడు ఎముకను అడుగుతారు.

ఎడమ చేతి మణికట్టు, వేళ్లు ఎక్స్‌రే తీస్తారు. ఎదిగే పిల్లల ఎముకల చివర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఎక్స్‌రేలో అది నల్లటి సందులా కనిపిస్తుంది. యవ్వనం ముదిరేకొద్దీ హార్మోన్ల ప్రభావంతో, ముఖ్యంగా ఈస్ట్రోజన్ వల్ల (అబ్బాయిల్లోనూ అదే), ఆ సందు సన్నబడి చివరికి మూసుకుపోతుంది. బ్రిటన్‌కు చెందిన టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరు ఈ మార్పులను దశలుగా విడదీశారు. ముంజేతి రెండు ఎముకలు, అరచేతి, వేళ్ల ఎముకలు కలిపి 13 ఎముకలకు మార్కులు వేసి కూడతారు. పూర్తిగా ఎదిగిన చేతికి 1000 మార్కులు. దీని మూడో రూపం టీడబ్ల్యూ3. భారత క్రికెట్ బోర్డు అండర్-16 ఆటగాళ్ల వయసు తేల్చడానికి 2012 నుంచి వాడుతున్నది దీన్నే. ఫిఫా మాత్రం 2009 అండర్-17 ప్రపంచకప్ నుంచి ఎమ్మారైని ఎంచుకుంది. అందులో రేడియేషన్ ఉండదు.

ఎముక చెప్పేదీ గిత్త పన్ను చెప్పేదే: శరీరం ఎంత ముదిరిందో. పుట్టిన తేదీ మాత్రం చెప్పదు. ఒకే రోజు పుట్టిన ఇద్దరు పద్నాలుగేళ్ల అబ్బాయిల ఎముకల వయసులో మూడు నాలుగేళ్ల తేడా కనిపించడం మామూలే. ఒకడికి అప్పటికే మీసకట్టు, ఇంకొకడిది ఇంకా పిల్లగొంతు. ఇద్దరి కాగితాలూ నిజమే. టీడబ్ల్యూ3 పట్టికకు ఆధారమైన పిల్లలు యూరప్, అమెరికా, జపాన్ వంటి దేశాలవాళ్లు. బాగా తిని త్వరగా ఎదిగిన పిల్లవాడు ఆ పట్టికలో పెద్దవాడిగా కనిపిస్తాడు. చాలీచాలని తిండితో పెరిగినవాడి ఎముకలు ఆలస్యంగా ముదురుతాయి కాబట్టి చిన్నవాడిగా కనిపిస్తాడు. అంటే నిజం చెప్పిన పిల్లవాడు బయటికి పోవచ్చు, అబద్ధం చెప్పినవాడు లోపలే ఉండిపోవచ్చు.

బండలాగుడు కమిటీకి ఈ బాధ లేకపోవడానికి కారణం గమనించదగ్గది. వాళ్లకు కావాల్సిందే శరీరపు ముదురు. గిత్త ఏ నెలలో పుట్టిందన్నది వాళ్లకు అనవసరం. వాళ్ల గుర్తూ, వాళ్ల ఉద్దేశమూ ఒకటే. పిల్లల పోటీల్లో మాత్రం నియమం తేదీ గురించి, పరీక్ష ముదురు గురించి. రెండూ వేర్వేరు విషయాలు.

ఈ తర్కాన్నే ఫుట్‌బాల్‌లో కొందరు నేరుగా అమలు చేసి చూశారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు 2015లో పిల్లలను వయసుతో కాకుండా శరీర ఎదుగుదలతో జట్లుగా కట్టి ఆడించాయి. పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతారో అంచనా కట్టి, అందులో ఇప్పటికి ఎన్నో వంతు ఎదిగారో చూసి విభజించారు. త్వరగా ఎదిగిన పిల్లలకు అందాకా ఒంటి బలంతోనే గెలవడం అలవాటు. తమంతటివాళ్లతో ఆడాల్సి వచ్చేసరికి నైపుణ్యం మీద ఆధారపడక తప్పలేదు. ఆలస్యంగా ఎదిగేవాళ్ల ప్రతిభ అప్పుడు కనిపించింది. మన పీఈటీలు స్కూల్ గేమ్స్‌లో చిన్న ఎత్తున ప్రయత్నించదగ్గ పని ఇది. టేపు, తూకం ఉంటే చాలు.

0.1 మీటరు గాలి

గుర్తు ఎంత కచ్చితంగా ఉన్నా గీత దగ్గర ఏమవుతుందో చూడాలంటే విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కథ చూడాలి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 13.09 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. రికార్డు బద్దలైనట్టే అనుకున్నారు. గాలి మీటరు +2.1 చూపించింది. అనుమతించేది సెకనుకు 2.0 మీటర్లే. రికార్డు దక్కలేదు.

వెనక నుంచి వీచే గాలి నెట్టడంకంటే ముఖ్యంగా చేసే పని, ఎదురు గాలిని తగ్గించడం. నిశ్చలమైన గాలిలో సెకనుకు 8 మీటర్లు పరిగెత్తే మనిషికి ఒంటికి తగిలే గాలి వేగం 8. వెనక నుంచి 2 మీటర్ల గాలి వీస్తే తగిలేది 6 మాత్రమే. గాలి అడ్డు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వర్గంగా పెరుగుతుంది. ఎనిమిది ఎనిమిదులు 64, ఆరు ఆరులు 36. అంటే అడ్డు దాదాపు సగానికి పడిపోయింది. పరుగులో ఖర్చయ్యే శక్తిలో గాలి అడ్డు వాటా కొంచెమే కాబట్టి చివరికి మిగిలేది సెకనులో పదో వంతు చుట్టుపక్కల. కానీ ఆ పదో వంతులోనే పతకాలు చేతులు మారతాయి.

ఇందులో చాలామంది గమనించని ఒక చిన్న నిబంధన ఉంది. హర్డిల్స్‌లో మీటరు తుపాకీ మోగినప్పటి నుంచి 13 సెకన్ల పాటు గాలిని కొలిచి సగటు తీస్తుంది. సగటులో రెండో దశాంశం వస్తే దాన్ని పైకే సవరిస్తారు. 2.01 వచ్చినా, 2.09 వచ్చినా కాగితం మీద 2.1 అనే పడుతుంది. కోజికోడ్‌లో ఆ రోజు గాలి పరిమితిని దాటింది సెకనుకు ఒక సెంటీమీటరే కావచ్చు, పది సెంటీమీటర్లు కావచ్చు. ఫలితం ఒక్కటే. అంతకుముందు 2020 జనవరిలో మూడబిద్రి విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 పరిగెత్తింది. అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని అదీ లెక్కలోకి రాలేదు. ఆమె తప్పు రెండు చోట్లా లేదు. చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తితే, గాలి -0.1, రికార్డు ఆమెదైంది. ఆ మూడు పరుగుల్లో నెమ్మదైనదే రికార్డయింది!

ఇది అన్యాయంలా అనిపిస్తుంది కానీ కాదు. గీత ఎక్కడో ఒకచోట ఉండాలి. అది పోటీకి ముందే అందరికీ తెలియాలి, అందరికీ ఒకేలా పడాలి. గాలి గీతలో ఈ మూడూ ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ గీత జ్యోతి ఒంటి గురించి ఏమీ అనలేదు. ఆమెను పోటీ నుంచి పంపలేదు, వచ్చే వారం మళ్లీ పరిగెత్తనిచ్చింది.

2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఆమెకు మరో గీత ఎదురైంది. పక్క లేన్‌లోని చైనా క్రీడాకారిణి వు యాన్నీ తుపాకీకి ముందే కదిలింది, ఆ కదలిక చూసి జ్యోతీ కదిలింది. అధికారులు మొదట జ్యోతిని తప్పించబోయారు. ఆమె అక్కడే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చి, తరవాత వీడియో చూసి, ముందు కదిలిన వును అనర్హురాలిగా ప్రకటించారు. జ్యోతి కాంస్యం రజతమైంది. స్టార్టింగ్ బ్లాకుల్లో సెన్సర్లు ఉంటాయి. తుపాకీ మోగిన 0.1 సెకనులోపు కాలు నెట్టితే, శబ్దం విని కదిలినట్టు కాదని లెక్క. చెవి నుంచి మెదడుకు, మెదడు నుంచి కాలికి సంకేతం వెళ్లడానికి ఆ మాత్రం సమయం పడుతుందని అంచనా.

రక్తంలో గీత గీస్తే

గాలి మీటరు, సెన్సరు మనిషికి బయట ఉంటాయి. గీత మనిషి లోపలికి వెళ్లినప్పుడు ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు.

ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబం నుంచి వచ్చిన ద్యుతీ చంద్, నాగపురి రమేశ్ శిక్షణలో హైదరాబాద్‌లో సాధన చేసిన స్ప్రింటర్. 2014లో 18 ఏళ్ల వయసులో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు స్వర్ణాలు గెలిచింది. కొద్ది వారాలకే, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల ముంగిట జట్టు నుంచి తప్పించారు. మందు తీసుకుందని కాదు. ఆమె శరీరం సహజంగానే టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారుచేస్తోందని. అప్పటి అంతర్జాతీయ నియమం ప్రకారం మహిళల విభాగంలో ఉండాలంటే లీటరు రక్తంలో ఆ హార్మోను 10 నానోమోల్ లోపు ఉండాలి. లేదంటే మందులతోనో శస్త్రచికిత్సతోనో తగ్గించుకోవాలి. ద్యుతీ ఒప్పుకోలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది.

▣ బాక్స్: టెస్టోస్టిరాన్ ఏం చేస్తుంది?

స్త్రీపురుషులిద్దరిలోనూ ఉంటుంది. వయోజన పురుషుల్లో లీటరుకు సుమారు 8 నుంచి 30 నానోమోల్, స్త్రీలలో ఎక్కువమందికి 2 లోపే. యవ్వనం దాకా అబ్బాయిల, అమ్మాయిల పరుగు వేగాల్లో పెద్ద తేడా ఉండదు. ఆ తరవాత అబ్బాయిల్లో ఈ హార్మోను అనేక రెట్లు పెరుగుతుంది. కండరపు నారలు లావెక్కుతాయి, ఎముకలు పొడుగూ దిట్టమూ అవుతాయి, ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్ పెరుగుతుంది. అగ్రశ్రేణి పరుగుల్లో పురుషులకూ స్త్రీలకూ మధ్య కనిపించే 10-12 శాతం తేడాకు ప్రధాన కారణం ఇదేనని శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది మాట. అయితే రక్తంలో హార్మోను ఉంటే సరిపోదు. కణం దాన్ని అందుకోగలగాలి. కొందరి కణాలు పుట్టుకతోనే అందుకోలేవు. వాళ్ల రక్తంలో ఎంత ఉన్నా కండరానికి చేరే లాభం సున్నా.

మహిళల విభాగం ఎందుకు ఉందో ముందు ఒప్పుకోవాలి. ఆ గోడ లేకపోతే పరుగు ఫైనల్స్‌లో ఒక్క స్త్రీ కూడా కనిపించదు. పురుషుల 100 మీటర్ల రికార్డు 9.58, స్త్రీలది 10.49. ఆ తేడా వందల కొద్దీ పురుష అథ్లెట్లు పట్టేంత. కాబట్టి గోడ కావాలి. దాన్ని కాపాడాలనుకునేవాళ్ల ఆందోళన నిజమైనది.

2015 జులై 24న వచ్చిన తీర్పు వేసిన ప్రశ్న కూడా సరిగ్గా దీని మీదే. టెస్టోస్టిరాన్‌కు పరుగుతో సంబంధం ఉందని న్యాయస్థానం ఒప్పుకుంది. సహజంగా అది ఎక్కువగా ఉన్న స్త్రీకి, పురుషులకు ఉన్న 10-12 శాతం లాంటి ఆధిక్యం దక్కుతోందా? రెండు మూడు శాతమే అయితే, ఎత్తు, మంచి కోచ్, మంచి తిండి ఇచ్చే ఆధిక్యం కంటే అది ఏ విధంగా వేరు? నిరూపించమని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్యకు రెండేళ్లు గడువిచ్చి, నియమాన్ని పక్కన పెట్టింది. ద్యుతీ మళ్లీ ట్రాక్ ఎక్కింది. 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరిగెత్తింది, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రజతాలు తెచ్చింది. (ఆ తరవాత నిషేధిత మందు వాడినట్టు తేలి 2023 జనవరి నుంచి ఆమెకు నాలుగేళ్ల నిషేధం పడింది. అది బయటి నుంచి తెచ్చుకున్న ఆధిక్యం, మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండింటినీ కలిపి మాట్లాడటం పొరపాటు.)

సమాఖ్య చెప్పిన జవాబు 2017లో ఒక పరిశోధన రూపంలో వచ్చింది. 2011, 2013 ప్రపంచ పోటీల రక్త నమూనాలు చూసి, 400 మీటర్లు, 400 హర్డిల్స్, 800, హ్యామర్ త్రో, పోల్‌వాల్ట్‌లలో టెస్టోస్టిరాన్ ఎక్కువున్న స్త్రీలు 1.8 నుంచి 4.5 శాతం మెరుగని అంది. 100 మీటర్లు అందులో లేదు. 2018 నియమం 400 మీటర్ల నుంచి మైలు దాకా మాత్రమే పెట్టారు. హ్యామర్, పోల్‌వాల్ట్ వదిలేశారు. ద్యుతీ బయటపడింది, దక్షిణాఫ్రికా 800 మీటర్ల ఛాంపియన్ కాస్టర్ సెమెన్యా ఇరుక్కుంది. పరిమితి 5కు దిగింది, 2023లో 2.5కు దిగి అన్ని ఈవెంట్లకూ విస్తరించింది. అదే గుర్తు, గీత మాత్రం మూడు చోట్లకు కదిలింది. గాలి మీటరు గీత అలా కదిలి ఉంటే అథ్లెట్లు ఊరుకునేవారా? సెమెన్యా వాదనను సరిగా వినలేదని 2025 జులై 10న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం పెద్ద ధర్మాసనం స్విట్జర్లాండ్‌ను తప్పుబట్టింది.

మళ్లీ జన్యువు దగ్గరికి

2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య హార్మోను బదులు జన్యువును గుర్తుగా తీసుకుంది. ప్రపంచ ర్యాంకింగ్ పోటీల్లో మహిళల విభాగంలో దిగాలంటే జీవితంలో ఒక్కసారి బుగ్గలోపలి తడి గానీ రక్తం గానీ ఇచ్చి, ఎస్‌ఆర్‌వై అనే జన్యువు లేదని తేల్చుకోవాలి. మామూలుగా ఇది వై క్రోమోజోమ్ మీద ఉండి, గర్భంలో వృషణాలు తయారవడాన్ని మొదలుపెడుతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1992 ఒలింపిక్స్‌లో ఇదే పరీక్ష పెట్టారు. 1996 అట్లాంటాలో 3,387 మంది స్త్రీలను పరీక్షిస్తే 8 మందిలో ఆ జన్యువు కనిపించింది. లోతుగా చూస్తే ఎక్కువమందికి హార్మోనును కణాలు అందుకోలేని స్థితి. ఎనిమిది మందినీ పోటీకి అనుమతించారు. 1999లో పరీక్షే ఎత్తేశారు. ఈ జన్యువును 1990లో కనిపెట్టిన బృందంలోని ఆండ్రూ సింక్లైరే, అది ఉన్నంత మాత్రాన శరీరం ఎలా ఎదిగిందో చెప్పలేమని 2025లో బహిరంగంగా రాశారు. హార్మోను అసలే పనిచేయని స్త్రీలకు కొత్త నియమంలో మినహాయింపు ఉంది. కానీ ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది ఆమే. భారం మళ్లీ గీతకు అవతలివాళ్ల మీద పడింది.

ఈ భారం ఎంత బరువైనదో పక్క రాష్ట్రంలో చూశాం. తమిళనాడుకు చెందిన శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. లింగ పరీక్ష తరవాత పతకం లాక్కున్నారు. అంతకంటే ఘోరం, ఆ సంగతిని ఊరంతటికీ, దేశమంతటికీ తెలిసేలా చేశారు. పరీక్ష అవసరమా కాదా అన్నదానికి రెండు వైపులా శాస్త్రం ఉంది. ఫలితం పత్రికల్లో రావడానికి మాత్రం ఏ వైపునా సమర్థన లేదు.

గెలిపించే లోపం, గెలిపించే వరం

గీతను మరోవైపు నుంచి కూడా దాటవచ్చు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 మే 20న కోబె పారా ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు సృష్టించింది, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. టీ20 మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో ఇదే వైకల్య విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది, ఆ తరవాత జట్టులో 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని బయటపడింది. దాంతో ఆ విభాగాన్నే మూసేశారు. తిరిగి తెరుచుకున్నది 2012 లండన్‌లో. పదిమంది మోసానికి ప్రపంచంలోని నిజమైన క్రీడాకారులు రెండు పారాలింపిక్స్ పోగొట్టుకున్నారు. అందుకే ఇప్పుడు తెలివితేటల పరీక్ష ఒక్కటే కాక, రోజువారీ జీవనంలో ఇబ్బందులు, ఆ వైకల్యం ఆ ఆటలో ఎలా అడ్డుపడుతుందో కూడా చూస్తారు. ఒక గుర్తును నమ్మకుండా మూడింటిని కలిపి చూడటం మంచి పద్ధతి.

ఇక ఎవరూ గీత గీయని వరాలు ఉన్నాయి. ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటా 1964 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. అతని కుటుంబంలో ఒక జన్యు మార్పు ఉందని 1993లో తేలింది. దానివల్ల ఎర్ర రక్తకణాలు మామూలు మనిషికంటే చాలా ఎక్కువ. ఓర్పు పోటీలో అంతకంటే వరం ఏముంటుంది? అతన్ని మందు వేసుకుని రక్తం పలచన చేసుకు రమ్మని ఎవరూ అనలేదు. అతని స్వదేశంలో విగ్రహం పెట్టారు. రక్తకణాల ప్రకారం విభాగాలు లేవు, స్త్రీపురుష విభాగాలు ఉన్నాయి కాబట్టి హార్మోను గురించే అడుగుతాం అన్నది సమాఖ్య జవాబు. తర్కం ప్రకారం అది సరైన జవాబే. అయినా ఒకరికి విగ్రహం, మరొకరికి శస్త్రచికిత్స షరతు అన్నది నాకు మింగుడుపడదు.

పళ్ల మీద గారలు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన పిల్లల పళ్లు కూడా ఒక సంగతి చెబుతాయి. మార్కాపురం, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తరాలుగా తెలిసిందే. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. చిగురు లోపల శాశ్వత పళ్లు తయారయ్యే ఏళ్లలో అంతకు మించి తాగితే పింగాణీ మీద తెల్లని, గోధుమరంగు గారలు పడతాయి, చెరిగిపోవు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు పట్టి, కీళ్లు బిగుసుకుంటాయి. నోరు తెరిస్తే కనిపించే గుర్తు ఇది. ఏ పోటీలోనూ దీనికి విభాగం లేదు, ఉండాలనీ అనను. ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకు వేరే పరుగు పెట్టడం అర్థం లేని పని. మంచినీళ్లు ఇవ్వడమే ఆ తేడాను తీసే దారి.

వయసు తగాదాకూ అలాంటి దారి ఒకటి ఉంది. ఎక్స్‌రే వయసుకు ఒక గుర్తు మాత్రమే, పుట్టిన రోజున పంచాయతీలో రాసిన తేదీ అసలు వయసు. పుట్టిన 21 రోజుల్లోపు చెబితే నమోదు ఉచితం. సవరించిన జనన మరణాల చట్టం ప్రకారం 2023 అక్టోబరు 1న, ఆ తరవాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి జనన ధ్రువపత్రమే ఆధారం. బడిలో అయ్యవారు ఉజ్జాయింపుగా రాసే తేదీ ఇక చెల్లదు. తర్లుపాడులోనో రాచర్లలోనో ఆ నెలలో పుట్టిన బిడ్డ అండర్-14 పరుగుకు వచ్చేది 2036 ప్రాంతంలో. అప్పటిదాకా జిల్లా జట్టుకు ఎంపికయ్యే ప్రతి పిల్లవాడి మణికట్టు వెనక ఎక్స్‌రే ఫిల్ము ఉంటుంది. ఫిల్ము చదివే డాక్టరు, పేరు కొట్టేసే అధికారి, ఆ పట్టికలోని పిల్లలు ఎక్కడివాళ్లో, ఈ పిల్లవాడు ఏం తిని పెరిగాడో కూడా చూడాలి.